మల్లయ్య చీటీలో మిగిలిన నంబరు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇది రాస్తున్న ఈ పూట కూడా లేదు. రైల్వేలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరై, బోయిగూడలో ఉంటున్నాను. రోజూ డైరీ రాసే అలవాటు. అందులో ఉన్నదే ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

సికింద్రాబాద్ శివార్లలో ఒక లెవెల్ క్రాసింగ్. సాఫ్ట్‌వేర్ కంపెనీలు వచ్చాక గేటు అవతలి పొలాలన్నీ కాలనీలయ్యాయి. ఎడ్లబండ్లు దాటిన చోట క్యాబులు, స్కూలు ఆటోలు బారులు తీరేవి. గేట్‌మన్‌కు మాత్రం అదే పన్నెండు గంటల డ్యూటీ.

గేటుకూ సిగ్నల్‌కూ లంకె లేదు. గేటు తెరిచి ఉన్నా సిగ్నల్ పడుతుంది. ఉన్న రక్షణ ఒక్కటే. స్టేషన్ మాస్టరు ఫోన్ చేస్తే, గేట్‌మన్ గేటు వేసి, తనకిచ్చిన అచ్చు నంబర్ల చీటీలోంచి వరసలో తర్వాతి నంబరు చెప్పి, దాన్ని కొట్టేస్తాడు. ఆ నంబరు వింటేనే మాస్టరు రైలు వదులుతాడు.

మల్లయ్య అనే గేట్‌మన్ ఒకరోజు, జనం తిట్లు పడలేక, రెండు రైళ్ళ మధ్య గేటు ఎత్తాడు. పట్టాల మీద లారీ ఇరుక్కుంది. క్లీనరు చనిపోయాడు. విచారణ రిపోర్టు నేనే రాశాను. పన్నెండు గంటల డ్యూటీ గురించి ఒక వాక్యం రాస్తే పైవాళ్ళు తీసెయ్యమన్నారు. తీసేశాను. గేట్‌మన్ అజాగ్రత్త అన్న మాట మిగిలింది. మల్లయ్య ఉద్యోగం పోయింది. ఏడాది తిరక్కుండా మనిషీ పోయాడు.

విచారణ రోజునే అతని చీటీని కవర్లో పెట్టి, లక్క సీలు వేసి, ఆఫీసులో నా బీరువాలో దాచాను. చివరగా కొట్టేసింది 61, దాని కింద ఇంకా కొట్టెయ్యనిది 38 అని ఆ రోజు డైరీలో ఉంది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం తనిఖీకి వెళ్ళాను. గేటు వేసి ఉంది. పిల్లలతో నిండిన ఆటో ఒకటి దాని ముందు ఆగి ఉంది. రైలు వెళ్ళిపోయింది. గదిలోకి వెళ్తే, కొత్త గేట్‌మన్ యాదగిరి గోడకు ఆనుకుని నిద్రపోతున్నాడు. లేపితే గబుక్కున లేచి నిలబడ్డాడు. నేను ఒక్క ముక్క రాస్తే అతని ఉద్యోగమూ పోతుంది. ఏదో అబద్ధం చెప్తాడనుకున్నాను.

“సార్, కన్నంటుకుంది. గేటు నేను వెయ్యలే. ఫోన్ సుత ఎత్తలే.”

గేటు వెయ్యాలన్నా ఎత్తాలన్నా కావలసిన తాళంచెవి అతని జేబులోనే ఉంది.

స్టేషన్‌కు ఫోన్ చేశాను. నంబరు వచ్చిందన్నారు మాస్టరు. 38. యాదగిరి చీటీ అంతా వెతికాను, ఆ నంబరు లేదు. గొంతు ఎవరిదని ఆయన్ని అడిగాను.

“‘గేటేసిన సార్, ఇగ పోనియ్యుండ్రి’ అన్నాడండీ. అలా అనేది మల్లయ్య ఒక్కడే కదా.”

ఆఫీసుకు వచ్చి బీరువా తీశాను. సీలు చెక్కుచెదరలేదు. కవరు చింపి చూస్తే, 61 కింద 38 కూడా కొట్టేసి ఉంది.

యాదగిరి నిద్ర సంగతి ఎక్కడా రాయలేదు. అప్పుడు తీసేసిన వాక్యాన్ని మాత్రం తనిఖీ రిపోర్టులో మళ్ళీ రాశాను. జవాబు రాలేదు. నేను రిటైరయ్యే నాటికీ అక్కడ పన్నెండు గంటల డ్యూటీయే.

38ని కొట్టేసిందెవరో తెలిస్తే రాద్దామని, డైరీలో ఆ పేజీ అడుగున రెండు వరసలు వదిలిపెట్టాను. ఇప్పటికీ ఖాళీగానే ఉన్నాయి.