లైబ్రరీలో వారానికో గంట

నిన్న హోసూరు బస్టాండులో ఎవరో ఒక కాలేజీ కరపత్రం నా చేతిలో పెట్టారు. నున్నటి కాగితం, కొత్త సిరా వాసన. రాజేశ్వరి మేడం ఉద్యోగం పోయింది అలాంటి కాగితం వల్లే.

కృష్ణగిరి దగ్గర నేను చదివిన ప్రైవేటు కాలేజీలో ఆమె లైబ్రేరియన్. మత్తూరు పక్క పల్లెలో గొర్రెలు మేపుకునే ఇంటి నుంచి వచ్చిన నాకు, లైబ్రరీ అంటే నోరు మూసుకుని కూర్చోవలసిన చోటు. ఆమె మాత్రం వారానికో గంట మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని మాట్లాడించేవారు. ఫోనులో చూసింది ఏది చెప్పినా, "ఎవరు చెప్పినారమ్మా? వాళ్లకి ఎట్ల తెలుసు? ఇంకో చోట చూసినావా?" అని అడిగేవారు. మొదట్లో విసుగొచ్చేది. ఒకసారి మా గొర్రెలకు జబ్బు చేస్తే, నాన్న ఏదో వీడియోలో చూసిన మందు పోయబోయాడు. నేను అవే ప్రశ్నలు అడిగి, పశువుల డాక్టరుకు ఫోన్ చేయించాను. అది పోసుంటే మంద మిగిలేది కాదన్నాడాయన. అప్పటినుంచి ఆ గంట కోసం ఎదురుచూసేదాన్ని.

ఒకరోజు మా క్లాసు సుమతి మా కాలేజీ కరపత్రమే తెచ్చింది. అక్కడ చదివిన అందరికీ ఉద్యోగాలు వచ్చాయని, వాళ్ల ఫోటోలతో సహా అందులో ఉంది. "దీన్ని గూడా విచారించొచ్చా మేడం?" అంది.

ఆమె కరపత్రం అందుకుని చివరిదాకా చదివారు. "వద్దంటే ఇన్నాళ్లు నేను చెప్పిందంతా అబద్ధమైపోతుంది. విచారించండమ్మా," అన్నారు.

సీనియర్ల దగ్గర నంబర్లు సంపాదించి, ఫోటోల్లో ఉన్నవాళ్లకు ఫోన్లు చేశాం. ఒకామె ఉద్యోగం దొరక్క ఇంట్లోనే ఉంది. ఒకతను తండ్రితో కలిసి టమాటా తోట చేస్తున్నాడు. "నా ఫోటో యాడ వేసినారు?" అని మమ్మల్నే అడిగాడు.

సంగతి పైవాళ్లకు తెలిసింది. ఆ గంట ఎత్తేశారు. పిల్లలు పొరబడ్డారని మా ముందే చెప్పమని ప్రిన్సిపాల్ ఆమెను క్లాసుకు తీసుకొచ్చారు. ఆమె మమ్మల్నందరినీ ఒకసారి చూసి, "మీరు సరిగ్గానే విచారించినారు," అని బయటికి వెళ్లిపోయారు. మళ్లీ రానివ్వలేదు. మరుసటి ఏడు కరపత్రం అదే మాటతో అచ్చయింది.

పోయిన నెల కావేరిపట్టణంలో, వాళ్లన్న బట్టల కొట్లో ఆమె కనిపించారు. చీరలు మడుస్తున్నారు.

"ఇప్పుడు కాలేజీలో పిల్లలకు ఎవరు చెప్తా ఉండారమ్మా?"

"ఎవురూ లేరు మేడం. మా పిన్ని కూతురు ఆడే చదువుతా ఉంది. లైబ్రరీ పుస్తకం తిరిగియ్యమని ఫోనుకు మెసేజీ వస్తుందంట, అంతే."

ఆమె చేతిలోని మడత పూర్తిచేసి, "సరే. నీకు ఏ రంగు చూపించేది?" అన్నారు.

ఆమె నేర్పిన దానితోనే నేను హోసూరులో ఉద్యోగం చేసుకుంటున్నాను. నేర్పినందుకు ఆమెకు దక్కింది ఆ కొట్టు. ఆ కోపం నాలో చల్లారలేదు. చల్లారాలని కూడా నాకు లేదు.