నా దమ్ముకు సగటు తీశారు

భూపాలపల్లిలో ఒక ప్రైవేటు కంపెనీ సెక్యూరిటీ పనికి ఆడవాళ్లను కూడా తీసుకుంటోందని తెలిసి దరఖాస్తు పెట్టాను. గూడూరు దగ్గరి మా పల్లెలో నెల జీతం అందుకున్న ఆడమనిషి లేదు. అన్నీ అయ్యాయి, దవాఖానలో చేసే పరుగు పరీక్ష ఒక్కటే మిగిలింది. ట్రెడ్‌మిల్ మీద వేగం పెంచుకుంటూ పోతారు. ఊపిరి అందక మాట తడబడే చోటును మిషన్ పట్టుకుంటుంది. ఆ చోటు వాళ్లు పెట్టిన గీత దాటాకే రావాలి. మగవాళ్లకూ ఆడవాళ్లకూ అదే గీత.

మా వైపు దవాఖాన పరీక్ష అంటే చాలు, పరగడుపునే పోతాం. రక్తపరీక్షలు చేసిన అలవాటు. నేనూ టీ చుక్క ముట్టకుండా బస్సెక్కాను. వరుసలో నా ముందు, జనగామ నుంచి వచ్చిన ఒక అన్న ఉన్నాడు, ఆయనదీ అదే తెలివి. పాపం, మిషన్ మీదే కళ్లు తిరిగి కూలబడ్డాడు. టెక్నీషియన్ నవ్వాడు.

"తినకుంట ఎవలన్న ఉరుకుతరా అన్నా? రేపు తిని రా."

తర్వాత నేనెక్కాను. గీత చేరకముందే ఎగశ్వాస వచ్చేసింది. నేనూ తినలేదని చెప్పాను.

"ఆడోళ్ల దమ్ము గింతేనమ్మా" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆయనకు రేపు, నాకు ఇయ్యాల్నేనా? నేను గూడ రేపే ఉరుకుత" అని అక్కడే కూర్చున్నాను. విసుక్కుంటూ సరేనన్నాడు.

ఆ రాత్రి ఆ ఊళ్లోనే ఉన్న చిన్నమ్మ ఇంట్లో ఉండి, పొద్దున ఇడ్లీ తిని వెళ్లాను. అన్న గీత దాటాడు. నేనూ దాటాను. ఎంత సంబరపడ్డానో! అంతలో టెక్నీషియన్ అన్నకు నిన్నటి లెక్క కొట్టేసి ఇవాళటిదే రాశాడు. నాకు మాత్రం నిన్నటిదీ ఇవాళటిదీ కలిపి సగటు తీశాడు. సగటు గీత కిందికి పోయింది.

"నాకెందుకు కలిపినవ్?"

"మగోళ్లది ఒక్కతీరుంటది. ఆడోళ్లది రోజుకో తీరు. గందుకే సగటు."

"రోజుకో తీరైతే మమ్ముల పిలిచి కొలుసుడెందుకు?" అని అరిచాను. అన్న తల దించుకుని తన కాగితం తీసుకుని బయటికి పోయాడు. అతని మీదా కోపం వచ్చింది.

ఉద్యోగం అతనికి వచ్చింది. నేను తొర్రూరులో బట్టల దుకాణంలో చేరాను. పొద్దంతా నిలబడి, చీరల మూటలు మోసుకుంటూ మెట్లెక్కి దిగుతాను. ఈ పనికి నా దమ్మెంతో ఎవరూ అడగలేదు.