మూడో వంతెన మీద పసుపు దారం

దయ్యాలంటే నాకు భయం కాదు, విసుగు. మేం బతకడానికొచ్చిన లింబాయత్‌లో, మా గల్లీలో ఎవరికి జ్వరమొచ్చినా గాలి సోకిందంటారే గాని, మోరీ పక్కన దోమలు కుట్టాయనరు. అలాంటి మాటలు వింటే ఒళ్లు మండే మనిషిని నేను. ఇప్పుడు చెప్పబోయేది ఇంకెవరు చెప్పినా నమ్మేదాన్ని కాదు.

చీరల మీద దారాలు కత్తిరించడం నా పని. మూట ఇంటికొస్తుంది, వెనకవైపు వేలాడే పోగులన్నీ తీసెయ్యాలి. పదిహేనేళ్లుగా అదే. ఎక్కడ పోగు వేలాడినా నా చెయ్యి ఊరుకోదు. ఒక పెళ్లిలో ముందు కూర్చున్నావిడ రవికె పోగు లాగి తిట్లు తిన్నాను.

మా తమ్ముడు శీను ఉధ్నాలో మరమగ్గాలు నడిపేవాడు. ఎడమచేతి వాటం. పోగు తెగితే వాడు వేసే ముడి అందరి ముడికీ తిరగబడి ఉండేది. పైగా కొసలు తెంపేవాడు కాదు, వేలెడేసి పొడుగు వదిలేసేవాడు. సేఠ్ తిట్టేవాడు, నేనూ తిట్టేదాన్ని. ఏ పనీ పూర్తిగా చెయ్యకపోవడం వాడికి పుట్టుకతో వచ్చింది.

మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోగానే ముగ్గురు తోటి పనివాళ్లతో మా ఊరు సిరిసిల్లకు నడక మొదలుపెట్టాడు. ఆగరా అంటే వినలేదు. సోన్‌గఢ్ దాటామని ఒక్క ఫోన్ వచ్చింది. ఆ ముగ్గురూ ఇల్లు చేరారు. కాళ్లు పుండ్లు పడ్డాయి, మీరు నడవండి, వెనకాలే వస్తానన్నాడట. అంతే. పోలీసులకు చెప్పాం, తిరగని చోటు లేదు. ఏడాది దాటేసరికి ఊళ్లో పెద్దనాన్న ఫోన్ మీద ఫోన్. "దినాలు చెయ్యాలె బిడ్డా. గిట్ల ఎన్నొద్దులు ఆపుతవు?" తమ్ముడు పోయాడని నా నోటితో నేను ఒప్పుకోవాలి, ఆయన అడిగేది అదే. నేను ఒప్పుకోలేదు.

సరిగ్గా అప్పుడే మా ఆయనకు పాత వంతెనల పిచ్చి పట్టింది. బట్టలకు రంగులేసే డైయింగ్ మిల్లులో పని, ఇన్నేళ్లలో తాపీ నది వంతెనని కూడా తలెత్తి చూసిన మనిషి కాదు. రెండో వేవ్ తగ్గి వానలు మొదలయ్యాక ఒకటే గోల. సోన్‌గఢ్ అవతల అడవిలో పాతకాలపు కర్ర వంతెనలున్నాయట, ఇళ్లకున్నట్టే వాటికి పెంకుల కప్పు ఉంటుందట, చూసొద్దామని. మన ఇంటి కప్పు కారుతోంది, ముందు దాన్ని చూడమన్నాను. వింటేగా!

ఒక ఆదివారం పొద్దున్నే బండెక్కించాడు. మొదటి వంతెనకు సగం కప్పే మిగిలింది. రెండోదాని నిండా మేకలు. రెండుచోట్లా ఈయన వంగి వంగి ప్రతి కర్రనూ తడిమి చూస్తున్నాడు, కొనబోతున్నవాడిలా. తడిసిన మాస్కు మూతికి అంటుకుపోయి నాకు ప్రాణం విసిగిపోయింది.

మూడోది ఒక వాగు మీద, మనుషులు నడవడానికి మాత్రమే సరిపోయేంత. మేం చేరేసరికి కుండపోత. లోపలికి పరుగెత్తాం. వంతెన మొదట్లోనే రెండు గుంజల నడుమ ఉన్న కమ్మీ మీద నా స్కార్ఫ్ పిండి ఆరేశాను. అక్కడింకేమీ లేదు. పోగు ఉంటే నా కళ్లు వదిలేవి కావు.

"ఏందయ్యా, గీ వానల వంతెనలు జూసుడేంది? జర దిమాగ్ ఉన్నదా నీకు?" అని అరిచాను.

ఆయన తలెత్తలేదు. "నడిచిపోయినోళ్లు గీ కప్పుల కిందనే పండుకునేటోళ్లట పద్మా. లారీ డ్రైవర్ చెప్పిండు. మన శీను పేరు గిట్ల ఏడన్న చెక్కిండేమో అని..."

నాకు కోపం, ఏడుపు కలిసి తన్నుకొచ్చాయి. ముందే చెప్పి ఏడవొచ్చుగా అని తిడుతూ అవతలి చివరిదాకా నడిచాను. ఆయనా నా వెంటే వచ్చాడు. అక్కడ నిలబడి పది నిమిషాలు ఏడ్చాను. తర్వాత స్కార్ఫ్ కోసం ఇద్దరం వెనక్కి వచ్చాం.

స్కార్ఫ్‌కు జానెడు పైన, ఆ రెండు గుంజల మధ్య, పసుపు దారం బిగువుగా కట్టి ఉంది. నడుమ ఒక ముడి. రెండు కొసలూ వేలెడేసి వేలాడుతున్నాయి.

నేనేమీ ఆలోచించలేదు. "ఎన్నిసార్లు చెప్పాలెరా నీకు" అంటూ మాస్కు దించి రెండు కొసలూ కొరికేశాను. ఆ తర్వాతే ముడి చూశాను. తిరగబడి ఉంది.

అలవాటుగా వాగులోకి ఉమ్మేసిన ఆ కొసలు నోట్లో పొడిగా తగిలాయి. పక్కనే నా స్కార్ఫ్ నుంచి నీళ్లు కారుతున్నాయి. జల్లు కొట్టి గుంజలు తడిసి ఉన్నాయి. చెక్కల మీద మా ఇద్దరి తడి అడుగులు తప్ప మూడో మనిషివి లేవు. నేను ఏడుస్తున్నంతసేపూ మా ఆయన ఈ చివర ఆపిన బండి మీద కన్నేసి ఇటే చూస్తున్నాడు. ఎవరూ రాలేదంటాడు.

ఆయనే కట్టాడనుకుని దులిపేశాను. పాపం, ఆయనకు ముడి వెయ్యడమే రాదు, సంచి తాడు తెగినా నా దగ్గరికే తెస్తాడు. పిల్లల మీద ఒట్టేశాడు.

నడిమి ముడి చెదరకుండా దారాన్ని గుంజల నుంచి విప్పి ఇంటికి తెచ్చాను. ఉధ్నాలో శీను పక్క మగ్గం మీద పనిచేసినాయనకు ఏమీ చెప్పకుండా చూపించాను. ముడిని గోటితో తిప్పి చూసి, "శీనుగాడు ఎప్పుడొచ్చిండక్కా?" అన్నాడు.

బతికుంటే నా ఎదుటికి రాకుండా ఆ దారం కట్టి పోతాడా? పోయుంటే ఎలా కడతాడు? నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు. ఇది కూడా సగమే చెప్పి వదిలేశాడు వెధవ. దినాలు మాత్రం చెయ్యనివ్వలేదు. పెద్దనాన్న ఫోన్ చెయ్యడం మానేశాడు.

రోజూ మూట ముందేసుకుని లెక్కలేనన్ని పోగులు కత్తిరిస్తాను. ఉంచుకోవాల్సిందని ఏడ్చింది మాత్రం ఆ రెండు కొసల కోసమే.