అంటించిన పేజీ

దేవుని నామానికి స్తోత్రం. పరాయి దేశంలో నాకు కూడు, గూడు ఇచ్చి, ఇక్కడి సెలవు రోజైన శుక్రవారం శుక్రవారం తన సన్నిధిలో మోకరించే భాగ్యమిచ్చిన తండ్రికే మహిమ. ఆయన్ను ఇంత స్తుతించే ఈ నోటితోనే ఒక మాట ఏళ్ళుగా దాచాను. అది గుండెల మీద బండలా ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కువైట్‌లో ఒక ఇండియన్ స్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. ఇక్కడి చట్టాలకు భయపడి మా యాజమాన్యం ఒక రూలు పెట్టింది. మతం, జాతి, కులం అనే మాటలు క్లాసులో వినపడకూడదు. పుస్తకంలో ఉంటే ఆ పేజీలు పిల్లల చేతే గమ్ముతో అంటించేయాలి. ఆ ఏడు ఏడో తరగతి వాచకంలో, టీకొట్టులో కొందరికి వేరే గ్లాసు పెట్టే కథ వచ్చింది. అంటించమన్నాను. నిజం చెప్పాలంటే హాయిగా అనిపించింది. ఆ కథ మా ఇంటిది. స్టాఫ్ రూంలో నా ఇంటిపేరు విని తోటి టీచర్లే నన్ను పెద్ద కులం అనుకున్నారు. నేను కాదనలేదు.

ఆ క్లాసులోని కెజియా, మా ప్రార్థన సహవాసంలోని ప్రకాశం గారి కూతురు. ఆయనకు దజీజ్‌లో గోడౌన్ పని, ఖైతాన్‌లో కాపురం. కోనసీమలో వాళ్ళదీ మాదీ ఒకటే పేట. ఆ పిల్ల, అంటించిన పేజీని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చదివేసింది.

"మిస్, ఇది మన సంగతేనండి! మా నాన్నమ్మ గ్లాసు చూరులో పెట్టేవారంట. మీ అమ్మమ్మ గ్లాసు కూడా పక్కనే ఉండేదంటగా, అమ్మ చెప్పింది."

వెనక బెంచీలోంచి ఒకడు నవ్వాడు. "అయితే మిస్‌కి కూడా వేరే కప్పేనా?"

క్లాసంతా నవ్వింది.

"మనమేంటి? నువ్వెవరో, మీ నాన్నమ్మెవరో నాకేం తెలుసు? ఇక్కడ కులం మాట ఎత్తితే జైల్లో పెడతారు, కూర్చో!" అన్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. తిన్నగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి, ఆ పిల్ల క్లాసులో కులం పేరుతో గొడవ పెడుతోందని చెప్పాను. రూలు పేజీ అంటించమంది, పిల్లను అప్పగించమని ఎవరన్నారు? ఎవరూ అనలేదు. నా గుట్టు స్టాఫ్ రూం దాకా రాకముందే ఆ నోరు మూయించాలి, అంతే. ఆ రూలు లేకపోతే ఇంకో సాకు వెతుక్కునేదాన్ని కాదా? ఈ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు, తెలిసే ఇన్నాళ్ళూ నన్ను నేను అడగలేదు.

విషయం బయటికి పొక్కితే ఇక్కడ ఉండనిచ్చే ఇఖామాకే ముప్పని స్కూలువాళ్ళు ప్రకాశం గారిని బెదిరించారు. చెప్పిందెవరో ఆయన అడగలేదు. నెల తిరక్కుండానే తల్లినీ పిల్లనీ ఆయనే ఊరికి పంపేశారు.

పట్టుబడతానన్న భయంతో ప్రభువును ఎరుగనన్న శిష్యుడి గురించి సండే స్కూల్లో ఎన్నిసార్లు చెప్పానో. అతను బయటికి వెళ్ళి ఏడ్చాడు. నేను స్టాఫ్ రూంకి వెళ్ళి టీ తాగాను. అందరితో పాటు, అందరి కప్పుల్లాంటి కప్పులోనే.

ప్రకాశం గారు ఇప్పటికీ శుక్రవారం కూడికకు ఒక్కరే వస్తారు. "వందనాలు సిస్టర్. మా కెజియా ఇంటర్‌కొచ్చింది గానండి, కాలేజీలో నోరే విప్పదంట. ఏదో పిల్లతనం, ఆ రోజు తప్పు మాట్లాడింది. కాస్త ప్రార్థన చేయండి" అంటారు. నేను చేస్తాను. అందమైన మాటలతో చేస్తాను. ఆయన కళ్ళు తుడుచుకుని ఆమేన్ అంటారు.

తప్పు ఆ పిల్లది కాదని ఆయనకు చెప్పాలి. వచ్చే శుక్రవారం చెప్పగలనా? తెలియదు. మీకైతే చెప్పాను. క్షమించే హక్కు మీది కాదు గనుక అది అడగను. చెప్పానన్న ఊరట ఒక్కటే, ఇంతకాలానికి.

ఒక్కటి మాత్రం అడుగుతాను. నా కోసం వద్దు. కెజియా పేరు ఎత్తి, నాతో పాటు మీరూ మోకరించండి. ఆ పిల్ల మళ్ళీ ఒక తరగతిలో లేచి నిలబడి, భయం లేకుండా "మనం" అనాలని అడగండి.