చూడకుండా నమ్మిన పెండ్లిచీర

నా పెండ్లి రోజు పొద్దున ఎనిమిదిన్నరకు ధరూరులో ఒక ప్రళయం వచ్చింది. ఊళ్లో ఎవరికీ తడి తగల్లేదు. మునిగింది నేనొక్కదాన్నే, అదీ మా ఇంటి నడిమి గదిలో చాప మీద కూర్చుని, తలనిండా పూలు పెట్టుకుని. ఆ ప్రళయాన్ని పిలిచి పీట వేసిందీ నేనే. చెబుతాను, వినండి. నవ్వొస్తే ఆపుకోకండి. మా ఇంట్లోవాళ్లు నలభై ఏళ్లుగా నవ్వుతూనే ఉన్నారు, మీరొచ్చి కలిస్తే కొత్తగా పోయే పరువు నా దగ్గర ఏమీ మిగల్లేదు.

ఎనభైల మొదట్లో మాట. ధరూరు బడిలో టీచరును. ఇరవై మూడేళ్లు. అందరికీ చెప్పడమే తప్ప ఎవరు చెప్పినా వినకపోవడం అనే జబ్బు అప్పటికే బాగా ముదిరి ఉంది. ఆ ఏడు నాగర్‌కర్నూలులో మూడు రోజుల ఉపవాస కూటాలు జరిగితే వెళ్లాను. ప్రసంగానికి వచ్చిన పెద్దాయన గొంతు చించుకుని, "దేవుణ్ని సగం నమ్మడం అంటే నమ్మకపోవడమే! ఆయన చేతుల్లో పెట్టినాక మళ్లీ తొంగి చూడకు!" అన్నాడు.

ఆయన అది దేని గురించి అన్నాడో, ముందూ వెనకా ఏం చెప్పాడో నాకు గుర్తు లేదు. ఎండ, ఖాళీ కడుపు, కునుకు. ఆ 'తొంగి చూడకు' ఒక్కటే బుర్రలో మేకులా దిగింది. తిరుగు బస్సులోనే తీర్మానం చేసుకున్నాను, ఇక జన్మలో దేన్నీ తొంగి చూడనని. ఇంటికి రాగానే పొయ్యి మీది పాలను చూడలేదు. అవి పొంగి పొయ్యిని ఆర్పేశాయి. నాకు అక్కడే బుద్ధి రావాల్సింది, రాలేదు.

అంతలో పెండ్లి కుదిరింది. అబ్బాయి వనపర్తి వాడు, పేరు శాంతరాజు. అతని తల్లి సమాధానమ్మ. భర్త చిన్న వయసులోనే పోతే ఒక్కతే కొడుకును పెంచి పెద్దచేసిన మనిషి. పేరులో సమాధానం ఉంది గానీ ఆమె ముందు సమాధానం చెప్పే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ప్రధానం నాడు ఒక్కటే మాట అంది: "మాకు కట్నం గిట్ల ఏం వద్దు. పిల్ల మాత్రం దేవుని సన్నిధిల తెల్లచీరెల నిలవడాలె. అది మా ఇంటి పద్ధతి."

మా క్రైస్తవుల పెండ్లికూతురు తెల్లచీరే కడుతుంది కాబట్టి అదేమంత కోరిక కాదు. కానీ నా కంటికి ఉత్త తెల్లచీర ఆనలేదు. గద్వాల చీరే కావాలి, అదీ తెల్లది, వెండి జరీ అంచుతో. మా అమ్మ ఎస్తేరమ్మను తీసుకుని గద్వాలలో నాగప్ప అనే నేతన్న ఇంటికి వెళ్లాను.

నాగప్ప మగ్గం ఆపి నా ముఖం చూశాడు. "తెల్లదా? పెండ్లికా టీచరమ్మా?"

"అవునన్నా. మా పద్ధతి అంతే."

లోపల్నుంచి వాళ్లమ్మ ఈరమ్మ అరిచింది. రాయచూరు వైపు నుంచి కోడలుగా వచ్చిన మనిషి, కోపమొస్తే కన్నడమే. "బ్యాడప్పా, బ్యాడ! వద్దంటే వద్దు! పెండ్లిపిల్లకు తెల్లచీరె నేస్తవా? చేతులెట్ల ఆడ్తయి రా?"

నాగప్ప తల గీరుకున్నాడు. "సరే, ఎవల పద్ధతి వాళ్లది. కానీ టీచరమ్మా, మద్దెమద్దెల వచ్చి చూసుకోని పోవాలె. రంగు, అంచు, అన్నీ ఒకపాలి చూపెడ్త."

నేను గడ్డం పైకెత్తాను. "నేను రానన్నా. ఈ చీర దేవుని చేతుల్లో పెట్టిన."

"దేవుని చేతులల్లనా? మగ్గం మీద కూసునేది నేను గద!" అన్నాడు పాపం.

బయటికి రాగానే అమ్మ మొదలుపెట్టింది. "గట్లంటే ఎట్లనే? వారానికోపాలి వచ్చి చూసి పోదాం. బస్సెక్కితే గంట గూడ పట్టదు."

"నీది అల్పవిశ్వాసం అమ్మా."

"నాది అల్పవిశ్వాసమే. నీ చీరె మీద."

అంతటితో ఆగితే నేను కరుణ టీచరును ఎందుకవుతాను? ఆ ఆదివారం గుడిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను. "నా పెండ్లిచీరను నేను చూడలేదు, చూడను, చూడబోను!" సంఘమంతా ఆమెన్ అంది. ఆ ఆమెన్ రుచి మరిగి మరుసటి ఆదివారం మళ్లీ చెప్పాను. మూడో ఆదివారం నేను లేస్తుంటే ముందు వరసలోని ముసలాయన, "చీరెనా బిడ్డా?" అని తనే ముందుగా ఆమెన్ అనేసి కూర్చోబెట్టాడు.

అమ్మకు మనసు ఆగలేదు. నాకు చెప్పకుండా బజారులో ఒక మామూలు తెల్లచీర కొని పెట్టెలో అడుగున దాచింది, దేనికైనా ఉంటుందని. నా కంటపడింది. నమ్మినవాళ్ల ఇంట్లో రెండో చీరా? అది పెట్టెలో ఉన్నంతసేపు నా విశ్వాసానికి చిల్లు పడ్డట్టే అనిపించింది. వెంటనే తీసుకెళ్లి గుడి ఊడ్చి శుభ్రం చేసే మరియమ్మక్కకు ఇచ్చేశాను. ఆమె కళ్లు తుడుచుకుని దీవించింది. అమ్మ కూడా కళ్లు తుడుచుకుంది గానీ దీవించలేదు.

ఇక అసలు సంగతి. మా బడిలో శకుంతల టీచరు రోజూ గద్వాల నుంచి బస్సులో వచ్చేది. నాగప్ప వాళ్ల వీధిలోనే వాళ్ల ఇల్లు. ఒకరోజు ప్రార్థన గంట కొట్టకముందే నా దగ్గరికి వచ్చింది.

"కరుణా, నాగప్ప కబురు పంపిండు. దారం మగ్గానికి ఎక్కియ్యకముందు నిన్ను ఒకపాలి..."

"ఆగు! చెప్పకు!" రెండు చెవులూ మూసుకున్నాను.

"ఏందే? జర ఇను, వాళ్లమ్మ..."

"వద్దు శకుంతలా! నా విశ్వాసానికి ఇది పరీక్ష. నన్ను శోధనలో పడెయ్యకు!"

రెండో తరగతి పిల్లలంతా నోళ్లు తెరిచి చూస్తున్నారు. శకుంతల నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసి, "నీకు జరమొచ్చిందా?" అని వెళ్లిపోయింది. నాలుగు రోజుల తర్వాత మళ్లీ వచ్చింది. ఈసారి దూరం నుంచే అరవబోయింది, "నువ్వు రాకుంటే వాళ్లమ్మ చెప్పినట్టే..." నేను వెంటనే పిల్లల చేత ఎక్కాలు గట్టిగా చదివించడం మొదలుపెట్టాను. పదమూడో ఎక్కం దగ్గర శకుంతల ఓడిపోయింది. ఆ ఆదివారం అది కూడా సాక్ష్యంగా చెప్పాను.

పెండ్లి రోజు రానే వచ్చింది. పదిన్నరకు గుడిలో ఆరాధన. వనపర్తి బంధువులు పొద్దున్నే దిగి బడిలో విడిది చేశారు. నేను తెల్ల రవిక, తెల్ల ముసుగు, తెల్ల పూల కిరీటం అన్నీ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. చీర ఇంకా రాలేదు. అమ్మ వీధిలోకీ ఇంట్లోకీ తిరిగి తిరిగి గడప అరగదీస్తోంది.

ఎనిమిదింపావు బస్సులో నాగప్ప, ఈరమ్మవ్వ స్వయంగా దిగారు. అవ్వ పొట్లాన్ని పసిబిడ్డలా రొమ్ముకు హత్తుకుని తెచ్చి నా ఒడిలో పెట్టింది. నేను అమ్మవైపు చూసి, చూశావా అన్నట్టు కళ్లెగరేశాను. దారం తెంపి కాగితం విప్పాను.

ఎరుపు.

లేత ఎరుపూ కాదు, గులాబీ కూడా కాదు. పిడికెడు కుంకుమ నీళ్లలో కలిపితే ఎలా ఉంటుందో అలాంటి ఎరుపు. దాని మీద బంగారు జరీ అంచు. గద్వాల పుట్టినప్పటి నుంచి అంత అందమైన చీర వచ్చి ఉండదు. నేను మాత్రం తేలు కుట్టినదానిలా కేక పెట్టాను. వీధిలో బ్యాండువాళ్లు ఆ కేక విని మొదలుపెట్టమన్నారనుకుని వాయించడం మొదలుపెట్టారు.

"అన్నా! తెల్లది గదా చెప్పింది!"

నాగప్ప ముఖం వాడిపోయింది. "రెండుపార్ల కబురంపిన గద తల్లీ! అమ్మ తెల్లది వద్దంటుంది, ఒకపాలి వచ్చి చెప్పి పో, రాకుంటే ఎర్రదే పెడ్త అని! శకుంతల టీచరుకు ఒట్టు పెట్టిచ్చి మరీ చెప్పిన!"

నా చెవుల్లో పదమూడో ఎక్కం మోగింది.

"మరియమ్మక్క!" అని లేచాను. అమ్మ అప్పటికే పరిగెత్తింది. వెళ్లినంత వేగంగా తిరిగి వచ్చి గుమ్మం పట్టుకుని ఆయాసపడుతూ చెప్పింది. "దాన్ని ముక్కలు చేసింది. గుడి కిటికీలకు పరదాలు కుట్టింది. నీ పెండ్లికి గుడి కళకళలాడాలని నిన్ననే కట్టిందంట."

అయిపోయింది. నా ఏడుపు బ్యాండును మించిపోయింది. సమాధానమ్మ వస్తుంది, చూస్తుంది, కొడుకును తీసుకుని వనపర్తి బస్సెక్కుతుంది. అంతే. "అయ్యో దేవుడా, నన్ను మోసం చేసినవ్!" అని నెత్తి కొట్టుకున్నాను. మూడు ఆదివారాలు సాక్ష్యం చెప్పిన విశ్వాసవీరురాలు మూడు నిమిషాలు కూడా నిలవలేదు.

విచిత్రమేమిటంటే, నెల రోజులుగా పరేషాన్ అయి తిరిగిన మా అమ్మ అప్పుడు నెమ్మదిగా నా పక్కన కూర్చుంది. చెంగుతో నా ముఖం తుడిచింది.

"బిడ్డా, చెయ్యనీకె పని ఉన్నన్ని రోజులు నమ్మిన, నమ్మిన అని కూసున్నవ్. ఇప్పుడు చెయ్యనీకె మన చేతుల ఏం లేదు. ఇగ నమ్ము. నమ్మేది ఇప్పుడే."

"నీకు భయం లేదా అమ్మా?"

"ఉన్నది. నెల నుంచి ఉన్నది. ఆయనకు రోజు చెప్పుకుంటనే ఉన్న గద."

ఆ మాటకు నాకు నిజంగా సిగ్గేసింది. అల్పవిశ్వాసం అని నేను ఎగతాళి చేసిన మనిషి నెల రోజులు మోకాళ్ల మీద ఉంది. నేను నెల రోజులు సాక్ష్యాల మీద ఉన్నాను. కళ్లు మూసుకుని, జీవితంలో మొదటిసారి ఎవరికీ వినపడకుండా ప్రార్థన చేశాను. అదీ రెండే మాటలు: తప్పయింది, కాపాడు.

కళ్లు తెరిచేసరికి గుమ్మంలో సమాధానమ్మ. పెండ్లికూతురిని దీవించడానికి వచ్చింది. నా ఒడిలోని చీరను చూసింది.

"గిదేంది?"

ఈరమ్మవ్వ లేచి నా ముందుకొచ్చి నిలబడింది. "తప్పు నాదమ్మా. మా ఇండ్లల్ల తెల్లది మొగుడు పోయిన ఆడది కడ్తది. నేను ముప్ఫై ఏండ్ల నుంచి కడ్తున్న. పెండ్లిపిల్లకు అది నేపియ్యనీకె నాకు పానం ఒప్పలే. కొడుకుకు అన్నం పెట్టనన్న, అందుకే ఎర్రది నేసిండు. ఏమన్న అంటే నన్నను, పిల్లను అనకు."

సమాధానమ్మ అవ్వ చీరను చూసింది. అది తెల్లది. తన చీరను చూసుకుంది. అదీ తెల్లదే. వచ్చి కూర్చుని ఆ ఎర్ర చీర అంచును వేళ్లతో చాలాసేపు తడిమింది.

"నా పెండ్లికి తెల్లది కట్టిన, ఆయన పోయినంక గూడ తెల్లదే కట్టిన," అంది మెల్లగా. "మా ఇంట్లకు జర రంగు రానియ్యి." తర్వాత గొంతు పెంచింది. "ఏడుపు ఆపి లేయ్. కుచ్చిళ్లు నేను పెడ్త. రంగు పోతే ఈ నేతాయన సంగతి చూస్త!"

"పోదమ్మా!" అన్నాడు నాగప్ప బయట నుంచి. ఆ ఒక్క మాటలో అతని ప్రాణం లేచొచ్చినట్టు వినిపించింది.

అలా ఎర్రచీర, తెల్ల రవిక, తెల్ల ముసుగుతో గుడిలోకి నడిచాను. రెండు వైపులా కిటికీల్లో నేను దానం చేసిన చీర గాలికి ఊగుతూ నన్ను వెక్కిరిస్తోంది. ముందు వరసలోని ముసలాయన నన్ను చూసి, అలవాటు కొద్దీ, "చీరె! ఆమెన్!" అన్నాడు. సంఘం పడిపడి నవ్వింది. పాస్టరు అయ్యగారు నవ్వాపుకోలేక మూడుసార్లు దగ్గి ఆరాధన మొదలుపెట్టారు.

ఉంగరం తొడిగేటప్పుడు శాంతరాజు మెల్లగా అడిగాడు. "తెల్లచీరె అన్నరు గద?"

"దేవుని చిత్తం," అన్నాను.

"దేవుందా, నీదా?"

నేను ముసుగు ముందుకు లాక్కున్నాను. ఆ మాట ఆయన ఈ రోజుకూ అడుగుతూనే ఉన్నాడు.

ఇంతకంటే నగుబాటు ఏముంటుందనుకున్నారా? ఉంది. అప్పట్లో మాకు రంగు ఫోటోలు ఎక్కడివి? గద్వాల నుంచి వచ్చిన ఫోటోగ్రాఫరు నలుపు తెలుపులో ఒకటే పెద్ద ఫోటో తీశాడు. పటం కట్టించి వనపర్తిలో మా ఇంటి ముందు గదిలో పెట్టాం. అందులో ఆ కుంకుమ ఎరుపు కాటుకలా నల్లగా పడింది. ఒక పక్కన నల్లచీరలో, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన ముఖంతో నేను. ఇంకో పక్కన మెరిసే తెల్లచీరలో, పెదాల మీద చిరునవ్వుతో మా అత్తమ్మ. మధ్యలో దండతో ఆయన. కొత్తగా ఇంటికి వచ్చిన జనాభా లెక్కల ఆయన ఒకసారి ఆ పటం ముందు నిలబడి, అత్తమ్మకు నమస్కారం పెట్టి, నావైపు తిరిగి ఎంతో మర్యాదగా, "పెండ్లిరోజే మీ ఇంట్ల ఎవరన్న పోయిన్రా అమ్మా?" అని అడిగాడు.

"పోయింది," అంది మా అత్తమ్మ, తమలపాకు నములుతూ. "దీని తెలివి."

కావున, ఈ మాటలు వింటున్న మీ అందరి ఎదుటా, ఆ నల్లచీర పటం సాక్షిగా, కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను: దేవుణ్ని పూర్ణహృదయంతో నమ్ముతాను. ఆయన గద్వాల బస్సులో శకుంతల చేత కబురు పంపినా చెవులు మూసుకోను. ఇక చీర విషయానికి వస్తే, ఈ జన్మలో ఏ పొట్లమైనా సరే, ముందు విప్పి చూసుకుంటాను, ఆ తర్వాతే స్తోత్రం చెబుతాను.