అప్పగించిన నలభై మూడు కిలోమీటర్లు

నేను లారీ స్టీరింగు వదిలి మూడేళ్లు దాటింది. అంతకు ముందు ముప్పై ఒక్క ఏళ్లు నడిపాను. బండి ఆగిన ప్రతిచోటా ఊరు, టైము, మీటరు రీడింగు, టైర్ల స్థితి డైరీలో రాసుకునేవాణ్ని. ఈ మధ్య ఆ డైరీలన్నీ వరుసగా మళ్లీ చదువుతున్నాను. ఒక్క పేజీలో మాత్రం జరగనిది రాసి ఉంది. చేతిరాత నాదే.

దాని సంగతి చెప్పాలంటే మా పని పద్ధతి ముందు చెప్పాలి. దూరపు లోడుకు ఇద్దరు డ్రైవర్లం వెళ్లేవాళ్లం. నా జోడీ నాకంటే పదిహేనేళ్లు చిన్న, నన్ను అన్నా అని పిలిచేవాడు. ఏడేళ్లు ఒకే క్యాబిన్‌లో తిరిగాం. నాలుగు గంటలకోసారి మారేవాళ్లం. దిగిన మనిషి కర్రతో పది టైర్లూ కొట్టుకుంటూ బండి చుట్టూ తిరగాలి. గాలి నిండిన టైరు కర్రను వెనక్కి తంతుంది, తగ్గిన టైరు చప్పుడును మింగేస్తుంది. తిరిగొచ్చి "పదీ మంచియే, బండి నీది" అనాలి. ఎక్కేవాడు "నాదే" అనాలి. ఆ మాట అయ్యాక దిగినవాడు ఇక రోడ్డు వైపు చూడకూడదు. చూస్తే నిద్ర రాదు, నిద్ర లేకపోతే తర్వాతి నాలుగు గంటలు ఇద్దరికీ ప్రమాదం. ఏడేళ్లలో నా ఒంటికి ఇది ఎంతగా అలవాటైందంటే, "బండి నీది" అన్న మరుక్షణం రెప్పలు వాటంతటవే పడేవి.

తర్వాత జోడీ లారీ వదిలి హనుమకొండలో బడి బస్సు డ్రైవరుగా చేరాడు. ఓనరు ఇంకొకరిని పెట్టలేదు. "రోడ్లు మంచిగైనయ్, చేతుల ఫోనున్నది. ఇద్దరుంటే ముచ్చట్లు తప్ప ఏం లేదు. నీ అసుంటోనికి ఇంకోడెందుకు?" అన్నాడు. పొగడ్త అనుకుని ఒప్పుకున్నాను.

అది యాసంగి పంట చేతికొచ్చే రోజులు. తూత్తుకుడి నుంచి ఉప్పు వేసుకుని వస్తున్నాను. నాలుగో రోజు. సగం ఉప్పు నర్సంపేటలో దించి, మిగతాది వరంగల్ తేవాలి. మానుకోట దాటేటప్పుడు రైల్వే గేటు పడింది. మిట్టమధ్యాహ్నం. గూడ్సు బండి వెళుతోంది, ఒకటే రంగు డబ్బాలు, ఎంతకీ అయిపోవడం లేదు. నాకు గుర్తున్నది అంతవరకే.

కళ్లు తెరిచేసరికి నర్సంపేట పొలిమేరలో ఉన్నాను. లారీ ఒక వేపచెట్టు నీడన, రోడ్డు దిగి పద్ధతిగా ఆగి ఉంది. ఇంజను ఆపి ఉంది, హ్యాండ్ బ్రేకు లాగి ఉంది. నేను ఎడమవైపు సీటులో ఉన్నాను. స్టీరింగు ముందు సీటు ఖాళీ. దాని ఎదుట అద్దం దగ్గర నిండు గ్లాసు టీ, పైన మీగడ కట్టి ఉంది. నా ఒళ్లో డైరీ. రైల్వే గేటు, టైము, మీటరు రీడింగు. ఆ కింద, "పదీ మంచివే. బండి అప్పగించాను."

మీటరు చూశాను. గేటు నుంచి నలభై మూడు కిలోమీటర్లు.

ఎంత సిగ్గుచేటైనా దాచను. మొదట చేసిన పని జోడీకి ఫోన్ చేయడం.

"మానుకోట గేటు కాడ నువ్వెక్కినవా?"

"ఏడికి ఎక్కుడు?"

"నా బండి."

పకపకా నవ్వాడు. "ఏందన్నా, పొద్దుగూకకముందే షురూ చేసినవా? నేను బడికాడ సద్ది తింటాన్న." తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "అన్నా... బండి మంచిగనే ఉన్నదా?"

దిగి చూశాను. ముందు బంపరు ఎడమ మూలకు ఆకుపచ్చ గుడ్డ చిక్కుకుని ఉంది. లాగితే చేతిలోకి వచ్చింది. చొక్కా కాలరు. గుండీ ఇంకా పెట్టే ఉంది. రక్తం లేదు. అయినా ఒకటే అనిపించింది. ఆ నలభై మూడు కిలోమీటర్లలో నేను ఎవరినో తొక్కి వచ్చాను.

ఉప్పు దించి, బండిని మెల్లగా వరంగల్ చేర్చి ఇంటికి వెళ్లాను. కాలరు చూపించి నా భార్యకు అంతా చెప్పాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"పొద్దున స్కూటర్ మీద పోయి ఆ రోడ్డంత చూసొస్త," అన్నాను.

"పోతే దొరుకుతవ్ గదయ్యా."

"దొరకకుంటే ఎట్ల పండుకోను?"

తెల్లారి టిఫిను డబ్బా కట్టి ఇచ్చింది.

నర్సంపేట నుంచి వెనక్కి, మానుకోట వైపు నెమ్మదిగా వెళ్లాను. రోడ్డుకు రెండు పక్కలా చూస్తూ, ఊరూరా ఆగి నిన్న పగలు ఏదైనా యాక్సిడెంటు అయిందా అని అడిగాను. పోయిన నెల అయినవి చెప్పారు, అంతకు ముందువి చెప్పారు. నిన్నటిది ఎవరూ చెప్పలేదు. సగం దారిలో ఒక టీకొట్టు. నన్ను చూడగానే కొట్టామె నడుముకు చేతులు పెట్టుకుంది.

"వచ్చినవా! నా గిలాస ఏది?"

"నేను... నిన్న ఈడికి వచ్చిన్నా?"

"రాకపోతే గిలాసకు రెక్కలొచ్చినయా? ఎడమదిక్కు తలుపు తీసి దిగినవ్. కర్రతోని టైర్లన్నీ కొట్టుకుంట తిరిగినవ్. రెండు చాయ్‌లన్నవ్."

"రెండా?"

"ఒకటి నువ్వు తాగినవ్. ఒకటి పట్టుకపోయినవ్, 'లోపల మా తమ్ముడు బండి నడుపుతాండు, ఆనికి' అని. నేను తొంగి చూసిన, ఎవ్వరు కనపడలే. పండుకున్నడేమో అనుకున్న." నా ముఖం చూసి గొంతు తగ్గించింది. "బంపరుకు బట్ట ఏలాడుతాంది పెద్దాయనా అని మొత్తుకున్న గదా. నవ్వినవ్ గని ఇనలే."

అంటే గుడ్డ అప్పటికే ఉంది. జరిగింది ఈ కొట్టుకూ రైల్వే గేటుకూ మధ్యే. గ్లాసు రేపు తెచ్చిస్తానని చెప్పి కదిలాను.

ఎనిమిది కిలోమీటర్ల తర్వాత కనిపించింది. మానుకోట నుంచి వచ్చే బండికి ఎడమవైపు. పెద్ద టైర్ల అచ్చు తారు దిగి, మట్టిలో కొంత దూరం ఏ తడబాటూ లేకుండా సాగి, మళ్లీ రోడ్డెక్కింది. ఆ అచ్చు కింద, మక్కజొన్న చేను గట్టున, ఒక మనిషి బోర్లా పడి ఉన్నాడు. ఆకుపచ్చ చొక్కా. కాలరు లేదు.

స్కూటరు ఎక్కడ పడేశానో తెలియదు. దగ్గరికి వెళ్లాను. చేతుల్లోంచి గడ్డి బయటికొచ్చి ఉంది. తల కుండ, మూడు ముక్కలైంది. అక్కడే కూలబడ్డాను.

"ఎవలయ్యా అది?"

తలెత్తాను. చేనులోంచి ఒక ముసలాయన వస్తున్నాడు. అదే ఆకుపచ్చ చొక్కా. అదే గుండీ. పట్టపగలు, నెత్తిన ఎండ ఉండగా, నాకు ఒళ్లంతా చల్లబడింది.

"నిన్న ఏ లారోడో తొక్కిచ్చి పోయిండు," అన్నాడు ఆయన, బొమ్మను కాలితో కదిపి. "కోతుల కావలికి రోజూ నేనే కూసుంట, సరిగ్గ ఈడనే. నిన్న బీపీ గోలీలకు నెక్కొండ పోయేదుండె. ఒకటే తానుల రెండు అంగీలు కుట్టిచ్చిన, ఒకటి దీనికి తొడిగి కూసుండబెట్టిన. కోతులు నేనే అనుకుంటయని. ఆడు పండుకోని నడిపిండో, తాగి నడిపిండో."

బండి అప్పగించాను, అప్పుడు నాది కాదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. జేబులోంచి కాలరు తీసి ఆయన చేతిలో పెట్టాను.

"నేనే నడిపిన," అన్నాను.

ఆయన కాలరును బొమ్మ మెడ దగ్గర పెట్టి చూశాడు. అతికింది. తర్వాత తెలియకుండానే తన మెడ తడుముకున్నాడు.

"మళ్ల నడుపుతవా?"

"నడప."

అక్కడే ఆయన ముందే ఓనరుకు ఫోన్ చేసి, ఇక బండి నడపనని చెప్పాను. "ఎల్లుండి మిర్చి లోడున్నది, మతి పోయిందా?" అన్నాడు ఓనరు. ఎవరిని పంపినా ఇద్దరిని పంపమని చెప్పి పెట్టేశాను.

ముసలాయన అప్పటికే ఆ గట్టు మీద, బొమ్మ ఉన్న చోటే, రోడ్డుకు వీపు పెట్టి కూర్చున్నాడు. లోపలికి జరిగి కూర్చోమన్నాను.

"ఈడ కూసుంటేనే చేనంత కనపడతది. లోపల కూసుంటే నాకేం కనపడది," అన్నాడు.

మానుకోట వైపు నుంచి ఒక లారీ చప్పుడు వినపడింది. నేను ఆయన పక్కన కూర్చుని చేయి పట్టుకున్నాను. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. నేను చూశాను. ఎండ అద్దం మీద పడి మెరుస్తోంది, లోపల డ్రైవరు ఉన్నాడో లేదో తెలియడం లేదు. అది దాటిపోయేదాకా నేను ఆయన చేయి వదల్లేదు.