ఈస్ట్ గ్లాసులో గుప్పెడు ఉప్పు

నా చిన్నప్పుడు మల్కాపురంలో మా లైను ఇళ్ల పిల్లలందరిలోకీ పెద్ద కుళ్లుబోతుని నేనే. ఇప్పుడు మనవరాళ్ల ముందు నవ్వుతూ చెప్తున్నాను గానీ, అప్పట్లో ఎవరైనా ఆ మాటంటే వాళ్ల జుట్టు పట్టుకునేదాన్ని. పక్కింటి వాళ్లకి కొత్త రిబ్బను కొంటే నాకు ఆ పూట అన్నం సహించేది కాదు. మా నాన్న పోర్టులో పనిచేసేవాడు. మా ఇంటికి ఒక పక్క రిఫైనరీ గొట్టాలు, ఇంకో పక్క పోర్టుకి వెళ్లే లారీలు. మధ్యలో గోడకి గోడ ఆనుకుని పది ఇళ్లు. ఒక ఇంట్లో పోపు వేస్తే పది ఇళ్లలో తుమ్మేవారు.

మా చిన్నాన్న ఓడ మీద వంటవాడు. ఏడాదికి ఓ రెండు నెలలు ఇంటి దగ్గర ఉండేవాడు. ఆ ఏడు వస్తూ వస్తూ ఒక డబ్బాలో ఈస్ట్ తెచ్చాడు. ఆవాల కన్నా చిన్న పలుకులు, అదో రకం పులుపు వాసన. మాకు బ్రెడ్డు అంటే జ్వరం తగిలినప్పుడు వన్ టౌన్ బేకరీ నుంచి తెచ్చి పాలల్లో ముంచి పెట్టేదే తెలుసు. అది ఇంట్లో చేస్తానంటే మా నాయనమ్మ నమ్మలేదు. చిన్నాన్న పెద్ద డేగిసాలో ఇసుక పోసి పొయ్యి మీద బాగా కాగనిచ్చాడు. అందులో పిండి గిన్నె దించి, మూత పెట్టి, మూత మీద నిప్పులు పరిచాడు. మధ్యాహ్నానికి నిజంగానే బ్రెడ్డు తీశాడు, పైన ఎర్రగా, లోపల దూదిలా. లైను లైనంతా మా గుమ్మంలోకి వచ్చేసింది. నాకు ఆ రోజు కొమ్ములు మొలిచాయి. చిన్నాన్న మావాడు, బ్రెడ్డు మాది, కాబట్టి ఆ విద్య కూడా నాకే వస్తుందని లెక్కేసుకున్నాను.

నేర్పాడు, నిజమే. గోరువెచ్చటి నీళ్లలో పంచదార కలిపి, ఈస్ట్ వేసి, నురగ పైకొచ్చేదాకా ఆగాలన్నాడు. ఉప్పు మాత్రం విడిగా మైదాలో కలుపుకోవాలి, నేరుగా ఈస్ట్ మీద పోస్తే అది చచ్చిపోతుంది, ఇంక పిండి పొంగదు అని ఇద్దరికీ ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఇద్దరికీ అన్నాను చూశారా, అదే నా కడుపుమంట. పక్కింటి అక్క కూడా వచ్చి నా పక్కనే పీట వేసుకుంది. నాకన్నా నాలుగేళ్లు పెద్దది, నెమ్మదస్తురాలు. పిలిచారా, పిలవలేదా అని కూడా చూసుకోలేదని నాకు ఒళ్లు మండింది. తర్వాత తెలిసింది, పిలిచింది చిన్నాన్నేనట. అప్పుడు ఇంకా మండింది.

నేను కలిపితే పిండంతా వేళ్లకే అంటుకునేది. అంటుకుంటోందని ఇంకాస్త మైదా చల్లేదాన్ని, చివరికి అది రాయై కూర్చునేది. అక్క మాత్రం అరచేత్తో ముందుకి తోసి, వెనక్కి మడిచి, మళ్లీ తోసేది. తొందర లేదు, విసుగు లేదు. కాసేపటికి ఆ పిండి చెవి తమ్మెలా మెత్తగా అయ్యేది. చిన్నాన్న దాన్ని వేలితో నొక్కి చూసి, ఓడ మీద ఏళ్లతరబడి చేసినవాళ్లకి కూడా ఇంత బాగా రాదన్నాడు. నన్నేమీ అనలేదు. నా చేతికి జల్లెడ ఇచ్చి పురుగులు లేకుండా మైదా జల్లించమన్నాడు. సొంత అన్నకూతురికి జల్లెడా, పక్కింటి పిల్లకి పిండా? నేను జల్లించినంతసేపూ ఆ చేతుల వంకే చూస్తూ కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను.

ఓడ ఎక్కేముందు వచ్చిన ఆదివారం లైనులో పది ఇళ్లకీ బ్రెడ్డు పంచాలని చిన్నాన్న సరదాపడ్డాడు. పిండి మొత్తం అక్కనే కలపమన్నాడు. ఆ పొద్దున అక్క గ్లాసులో ఈస్ట్ కలిపి అరుగు మీద పెట్టింది. నురగ పైకి వస్తోంది. సరిగ్గా అప్పుడే చేపల పెద్దమ్మ వచ్చింది. రోజూ సముద్రపొడ్డు నుంచి నెత్తిన బుట్టతో నడిచొచ్చి మా లైనులో చేపలమ్మే ఆవిడని పిల్లలందరం అలాగే పిలిచేవాళ్లం. గ్లాసు చూసి, ఎంత బాగా పొంగుతోందో అని ముచ్చటపడి, బుట్ట దించుకోవడానికి పక్కకి వంగింది. అక్క మైదా తేవడానికి లోపలికి వెళ్లింది. నా పక్కనే చేపలు కడగడానికి పెట్టిన రాళ్లుప్పు జాడీ ఉంది. ఆలోచించానని చెప్పను. గుప్పెడు తీసి గ్లాసులో వేశాను. వేలితో తిప్పి, ఆ వేలు లంగాకి తుడుచుకున్నాను.

మధ్యాహ్నమైంది, పిండి కదల్లేదు. తడిగుడ్డ తీసి చూసిన ప్రతిసారీ అదే ముద్ద. అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను లోపల్లోపల పండగ చేసుకుందామనుకున్నాను. అంతలో చిన్నాన్న వచ్చి అక్క తల నిమిరి, పోనీలేమ్మా అని ఓదార్చాడు. పిండి పాడైనా ఆ చెయ్యి దాని తల మీదకే వెళ్లిందని నా కుళ్లు రెట్టింపైంది తప్ప తగ్గలేదు. చిన్నాన్న ఆ పిండి కాస్త తుంచి నాలుక మీద వేసుకున్నాడు. మొహం చిట్లించి ఉమ్మేశాడు గానీ ఏమీ అనలేదు.

అన్నది మా నాయనమ్మ. “ఇదంతా ఆ సేపలదాని కళ్లే. వచ్చీ రాగానే ఏటందో ఇన్లేదా? దిష్టి కొట్టేసినాది.”

మాలో అది మామూలే. పాలు విరిగినా, పిల్లకి జ్వరమొచ్చినా ముందు వెతికేది ఎవరి కళ్లు పడ్డాయా అనే. సాయంత్రానికల్లా ఆ మాట పది గుమ్మాలూ దాటింది. మర్నాడు చేపల పెద్దమ్మ వచ్చి కేకేస్తే ఒక్క తలుపు తెరుచుకోలేదు. ఆవిడ బుట్ట దించి, మా లైను చివర చాలాసేపు కూర్చుంది. నిండు బుట్టని నెత్తికెత్తుకోవాలంటే ఇంకొకరు చెయ్యి వెయ్యాలి. రోజూ ఎవరో ఒకరు వేసేవాళ్లు. ఆ రోజు నీళ్లకి వెళ్లే ఆడవాళ్లు కూడా మొహం తిప్పుకుని వెళ్లారు. చివరికి అటుగా పోతున్న రిక్షా అతను సాయం పట్టాడు. రోజూ అమ్ముకునే లైను పోతే ఆవిడ ఎలా బతకాలి? అది నాకు కిటికీలోంచి చూస్తుంటేనే తెలిసింది. తెలిసినా కిటికీ రెక్క మూసేశాను. ఒప్పుకుంటే చిన్నాన్న ఇంక నా మొహం చూడడనీ, అక్కనే కూతురిలా చూసుకుంటాడనీ భయం.

ఆ తర్వాతి రోజు చిన్నాన్న పొద్దున్నే లైను చివరికి వెళ్లి, ఆవిడ బుట్ట తనే మోసుకుంటూ ఆవిడని మా అరుగు మీదకి తీసుకొచ్చాడు. రెండు గ్లాసుల్లో ఈస్ట్ కలిపి ఆవిడ ముందు పెట్టాడు. లైనులో ఆడవాళ్లంతా గుమ్మాల్లోకి వచ్చారు.

“సూడు పెద్దమ్మా. కళ్లార్పకుండా సూడు. ఎంత బాగుందో అని పదిసార్లు అను” అన్నాడు.

ఆవిడ సిగ్గుపడింది. తర్వాత నవ్వుకుంటూ అంది. ఆవిడ అంటూనే ఉంది, నురగ పైకి వస్తూనే ఉంది. రెండు గ్లాసులూ అంచు దాకా నిండాయి. అప్పుడు చిన్నాన్న ఉప్పు జాడీ నా ముందుకి జరిపి, ఒక గ్లాసులో గుప్పెడు వెయ్యమన్నాడు. గుప్పెడు తీసి వేశాను. ఉప్పు పడగానే నురగ బుస్సుమని లేచి, చూస్తుండగానే కూలిపోయింది. దిష్టి కాదమ్మా, ఆ రోజు పొరపాటున ఉప్పు పడి ఉంటుంది అని నాయనమ్మతో అన్నాడు. పొరపాటున అన్నప్పుడు నా వైపు చూడలేదు. చూస్తే బాగుండేది. నాయనమ్మ కాసేపు గొణిగి, కానాగంత చేపలు ఎలా ఇస్తున్నావని బేరం మొదలెట్టింది. మిగతా గుమ్మాలవాళ్లు కూడా గిన్నెలు పట్టుకొచ్చారు.

ఆవిడ బయల్దేరుతుంటే బుట్ట పట్టమని చిన్నాన్న నన్ను పంపాడు. లైను చివర ఆవిడ ఆగి బుట్ట సర్దుకుంటుంటే, ఉప్పు వేసింది నేనేనని చెప్పేశాను. చెప్పి, కొడుతుందేమోనని ఒక అడుగు వెనక్కి వేశాను.

“సూసినాను గుంటా. బుట్ట దించతన్నప్పుడే నీ సెయ్యి సూసినాను” అంది.

మరి ఎందుకు చెప్పలేదని అడిగాను. నాకు నిజంగానే అర్థం కాలేదు.

“సెప్తే దొంగ గుంటవని నీకు పేరు పడిపోద్ది. ఆడపిల్లవి, ఆ పేరు ఎక్కడికెళ్లినా నీ ఎనకాలే వత్తాది. నానంటావా, పెద్దదాన్ని. నాలుగు రోజులు ఓర్సుకుంటే వాళ్లే మర్సిపోతారు.”

అనేసి ఆవిడ తన దారిన వెళ్లిపోయింది. నేను ఇంటికొచ్చి అందరి ముందూ చెప్పేశాను. నాయనమ్మ వీపు విమానం మోత మోగించింది. అక్క వారం పాటు మాట్లాడలేదు. తర్వాత తనే పిలిచి, నా రెండు చేతులూ పట్టుకుని పిండి ఎలా తొయ్యాలో నేర్పింది. ఇప్పుడు నాకు బ్రెడ్డు చెయ్యడం వచ్చిందంటే అది అక్క చేతి చలవే.

పోయిన నెల స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్‌లో మా అబ్బాయి ఇంట్లో, పెద్ద మనవరాలు ఫోన్‌లో చూసి పిజ్జా పిండి కలిపింది. వాళ్లక్క చేస్తుంటే చూసి ఓర్వలేని చిన్న మనవరాలు ఎవరూ లేనప్పుడు ఆ గిన్నె ఎత్తుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టేసింది. నేను చూశాను. సాయంత్రం పెద్దది ఆ చలికి పిండి పొంగలేదని ఏడుస్తుంటే, ఎవరు పెట్టారని కోడలు అడిగీ అడగకముందే చిన్నదాని పేరు చెప్పేశాను. దాని మొహం ముడుచుకుపోవడం చూసి నాలుక కరుచుకున్నాను, అప్పటికే ఆలస్యమైంది.

పక్కింటి అక్క చేతుల్ని చూసి పడ్డ కుళ్లు ఆ వారంతోనే పోయింది. చేపల పెద్దమ్మ మనసుని చూసి పడ్డ కుళ్లు మాత్రం అరవై దాటినా నాకు పోలేదు.